నొప్పి ఉన్న చెయ్యి ఎత్తండి

నా ముఖానికి సరిగ్గా పైన కప్పుకి కడుపొచ్చింది. పూతలో ఉబ్బు కనిపిస్తే మా తాపీపనివాళ్లు అనే మాట అది. నల్లకళ్లద్దాలు పెట్టి బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టారు కాబట్టి చూడ్డానికి నాకు అది తప్ప వేరే దిక్కు లేదు, వచ్చిన ప్రతిసారీ దాన్నే చూస్తున్నాను, ట్యూబులైటు దగ్గర మొదలై కిటికీ వైపు జారి పంకా కొక్కెం దగ్గర మెల్లగా సర్దుకుంటుంది, పని రానివాడు వేసింది కాదు, వచ్చినవాడే వేశాడు, వేస్తూ వేస్తూ మధ్యలో టీకి దిగాడు, దిగినవాడు కబుర్లలో పడ్డాడు, ఈలోపు వేసిన సిమెంటు మాలు బిగుసుకుంది, తిరిగొచ్చి ఆ బిగిసినదాని మీదే పచ్చిది రుద్దేశాడు. ఇదంతా ఎవరితోనూ అనలేదు. ఒళ్లు బాగుచేయించుకోవడానికి వచ్చి ఆసుపత్రి కప్పుకి వంకలు పెడుతున్నాడనుకుంటారు. వంక పెట్టినవాణ్ణి, అయితే నువ్వే ఎక్కి సరిచెయ్యవయ్యా అంటారు కూడా, ఎక్కగలిగితే ఈ బల్ల మీద ఎందుకుంటాను, నా ఎడమ చెయ్యి చెవి దాటి లేచి ఎన్నాళ్లయింది, చొక్కా తొడుక్కోవాలంటే ముందు ఆ చేతిని కుడిచేత్తో పట్టుకుని, నిద్రపోతున్న చంటిపిల్ల చేతిని దూర్చినట్టు దూర్చుకోవాలి.

“మేస్త్రీగారూ, మొదలుపెడుతున్నానండీ. కదలకండి,” అంటోంది ఫిజియో అమ్మాయి తన మీటల ముందు కూర్చుని. సరే అనబోయి తల ఊపబోయి, కదలొద్దంది కదా అని ఊరుకున్నాను. ఇవాళ్టితో ఈ వెలుతురు వైద్యం అయిపోతుంది, అయ్యాక చెయ్యి ఎత్తి చూపించమంటుంది. లేస్తే నాకు పరంజా, లేవకపోతే అల్లుడి సిమెంటు కొట్లో కుర్చీ. అల్లుడు మంచివాడే, కుర్చీకి మెత్త కూడా వేయించాడు, ఆ మెత్త మీద నేనింకా కూర్చోలేదు. బయట వరండాలో బెంచీ మీద నా బావమరిది ఉన్నాడు. వాడిది కుడిచేతి వాటం, నాది ఎడమ, నా పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటిదాకా జంటగానే చేశాం, నేను ఇంట్లో కూర్చున్నప్పట్నుంచి వాడొక్కడే గోడలతో కుస్తీ పడుతున్నాడు, వేరే మనిషిని జంటకి పంపుతానని కాంట్రాక్టరు అంటుంటే, మా బావ వస్తాడు, మా బావ వస్తాడు అని అడ్డుపడుతున్నాడు, ఇక ఆగేది లేదు, ఇవాళ సాయంత్రానికి ఏదో ఒకటి తేల్చమన్నాడట ఆయన. పొద్దున ఆటోలో, “బావా, నాకేం తొందర లేదు, నిమ్మళంగా లేపు,” అన్నాడు మా వాడు. తొందర లేని మనిషి ఆటో ఆగకముందే దిగేశాడు.

మరచెయ్యి లేచింది. వీళ్లు రోబో అంటారు, నా నోటికి మరచెయ్యి అనే వచ్చింది, అలాగే ఉండిపోయింది. పని లేనప్పుడు గోడవారగా మెడ ముడుచుకుని నిలబడ్డ కొంగలా ఉంటుంది, పిలవగానే మోచెయ్యి చాపి మణికట్టు తిప్పి నా భుజం మీదికి ఒంగి జానెడు ఎడంలో ఆగుతుంది, తగలదు. దాని కొసన ఒక ఎర్రటి చుక్క, ఆ ఎరుపు గుర్తు కోసమేనట, అసలు పనిచేసే వెలుతురు కంటికి కనపడదట, అది చర్మం దాటి లోపలికి వెళ్లి వాపుని, మంటని నెమ్మదిగా తగ్గిస్తుందట, అందరికీ ఒకేలా పనిచెయ్యదు, చూద్దాం అని కూడా మొదటే చెప్పింది ఆ అమ్మాయి, చూద్దాం అన్న మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. ఇప్పుడు చుక్క మెడ మొదట్లోంచి బయల్దేరింది, భుజం కొస దాకా పోయి తిరుగుతోంది, తిరిగి వచ్చేటప్పుడు పోయిన దారిలో సగం మీదికి ఎక్కి, సగం కొత్త చోటు పట్టుకుని వస్తోంది, మేం చెక్కతో గోడ రుద్దేది కూడా అట్లాగే, సగం ఎక్కకపోతే గీత పడుతుంది, ఈ సంగతి దీనికి ఎవరు చెప్పారో. ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, ఏదో ఊళ్లో ఎవరో ఒక మనిషి ఇంకో మనిషి చేతిని రోజుల తరబడి చూసి ఉంటాడు, చూడకుండా ఇది రాదు. చదునుగోడ మీద సమంగా పోవడం ఒక లెక్క కాదు, గుమ్మటం లోపలివైపు పూత వెయ్యమంటే తెలుస్తుంది, ప్రతి బెత్తెడికీ ఒంపు మారుతుంది, చెయ్యి దానితో మారాలి, మనిషి భుజం గుమ్మటం కన్నా కష్టం, గుమ్మటం ఊపిరి తీసుకోదు. నేను ఊపిరి పీలిస్తే నా ఛాతీ లేస్తోంది, దాంతోపాటే అదీ లేస్తోంది, వదిలితే దిగుతోంది, ఆ జానెడు జానెడుగానే ఉంటోంది. ఒకసారి దాన్ని పరీక్ష పెడదామని ఊపిరి బిగబట్టాను. అదీ బిగబట్టినట్టే నిలిచి, అడ్డంగా తన పని తను చేసుకుంటూ పోయింది. నాకు సిగ్గేసి వదిలేశాను.

వెచ్చగా ఉంది, కాల్చేంత కాదు, చలికాలం పొద్దున గోడకి ఆనుకుని కూర్చుంటే వీపుకి తగిలే వెచ్చన. మామయ్య, మా అమ్మ తమ్ముడు, నాకు తాపీ పట్టుకోవడం నేర్పినాయన, అట్లాగే కూర్చునేవాడు ఆఖర్న. వెలుతురు సంగతి కూడా నాకు ఆయనే చెప్పాడు. గోడ ఎండాక గది తలుపులన్నీ వేయించి, దీపాన్ని గోడకి ఆనించి పక్కనుంచి పట్టేవాడు, ఎదురుగా పడితే అన్ని గోడలూ అందంగానే ఉంటాయిరా, పక్కనుంచి పట్టు, అప్పుడు తెలుస్తుంది దాని బతుకు అనేవాడు, పట్టేసరికి నేను అద్దంలా చేశాననుకున్న గోడ మీద గుంటలు, గుట్టలు, నీడలు, ఒక్కొక్క నీడ దగ్గర ఆయన వేలు ఆగేది, వేలు ఆగిన చోట నా గుండె ఆగేది. అంచేత వెలుతురంటే నాకు తప్పు పట్టేదనే తెలుసు. తప్పు దిద్దేది చెయ్యి. వెలుతురే చెయ్యి వేసి దిద్దుతుందని, దిద్దేటప్పుడు ఇంత మెత్తగా ఉంటుందని, మామయ్య ఉంటే చెప్పేవాణ్ణి. ఆయన భుజం కూడా ఇట్లాగే బిగుసుకుంది. ఉప్పుమూట కాపడం పెట్టారు, తైలాలు రాశారు, లాగినవాళ్లు లాగారు, ఏదీ కుదరక చెయ్యి ఒంటికి అంటుకుపోయింది, ఎప్పుడూ చంకలో ఏదో పెట్టుకున్నట్టు నడిచేవాడు. “ఏం దాచావు మావా చంకలో?” అని వీధిలో వాళ్లు అడిగితే, “ఉంటే మాత్రం నీకు చూపిస్తానా?” అని నవ్వేవాడు. నవ్వుతూనే అరుగు మీద కూర్చున్నాడు, కూర్చునే పోయాడు. అల్లుడి కొట్లో కుర్చీ చూసినప్పుడల్లా నాకు ఆ అరుగు గుర్తొస్తుంది.

ఎడమ వాటాన్ని మాన్పించనిది కూడా ఆయనే. బళ్లో పంతులు నా ఎడమచేతి మీద బెత్తంతో కొడితే, ఆ చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసి, దీనికేం రోగంరా, బాగానే ఉందిగా అన్నాడు. వాటం అనే మాట ఆయన నోట్లో ఎన్నిరకాలుగా తిరిగేదో. గది గచ్చు చేసేటప్పుడు నీళ్లు తూముకి పోవాలంటే వాటం పెట్టాలి, కంటికి కనపడకూడదు, నీటికి మాత్రం తెలియాలి. మనిషికీ అంతే, నీళ్లు ఎటు పోతాయో చూసి అటే తోవ చెయ్యాలిరా అనేవాడు. మా బావమరిది మొదట్లో నన్ను ఒక కాంట్రాక్టరుకి పరిచయం చేస్తూ, “మా బావకి చేతివాటం ఎక్కువండీ, అదీ ఎడమచేత్తో,” అన్నాడు. ఆయన ఆ రోజంతా సిమెంటు బస్తాల గదికి తాళం వేసి తిరిగాడు. నేను నోరు తెరిచి చెప్పలేదు, చెప్పాల్సినవాడు గోడ చాటుకెళ్లి నవ్వుకుంటున్నాడు. కానీ జంట మాత్రం కుదిరింది, మూల దగ్గరికి వచ్చేసరికి వాడి కుడి భుజం అటు, నా ఎడమ భుజం ఇటు, మధ్యలో ఒకరికొకరు తగలం, రెండు కుడులైతే మోచేతులు పొడుచుకుంటాయి. మాట్లాడుకోవాల్సిన పని కూడా లేదు, వాడు మాట్లాడతాడు, నేను ఊ కొడతాను, కొన్నిసార్లు అదీ ఉండదు. నేను మానేశాక ఒకరోజు ఇంటికొచ్చి, “బావా, నువ్వు లేకపోతే గోడ నాతో మాట్లాడట్లేదే,” అన్నాడు. మా ఇద్దరిలో ఎప్పుడూ మాట్లాడేది వాడు కదా అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

చుక్క పచ్చబొట్టు దగ్గరికి వచ్చింది. కుర్రతనంలో సంతలో పొడిపించుకున్న తాపీ బొమ్మ, రంగు పాకి ఇప్పుడు చేపలా కనిపిస్తుంది. నల్లటి చోట వెలుతురు ఎక్కువ పట్టి చుర్రుమంటుందట, అందుకని మరచెయ్యి దాని అంచు దాకా వచ్చి, చుట్టూ తిరిగి, అవతలి అంచు నుంచి మళ్లీ మొదలుపెడుతుంది, స్విచ్చిబోర్డు చుట్టూ మేం తిరిగినట్టు, ఒక్క చుక్క కూడా దాని మీద పడదు. మొదట చూసినప్పుడు మా ఆవిడ, “దానికి కూడా నచ్చలేదు చూశారా,” అంది. పెళ్లినాటినుంచీ ఆవిడకి ఆ బొమ్మ మీద కోపం, తన పేరు పొడిపించుకోకుండా తాపీ పొడిపించుకున్నానని. అప్పటికి నాకు నువ్వు తెలియదు కదా అని నేను అనొచ్చు. అనలేదు, ఇన్నేళ్లూ అనలేదు, ఇప్పుడంటే ఇన్నేళ్లూ ఎందుకనలేదని అడుగుతుంది.

మాట్లాడకపోవడం వల్లే కదా మొదటి రోజు ఆ గొడవ. ఈ అమ్మాయి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, “నొప్పి ఉన్న చెయ్యి ఎత్తండి మేస్త్రీగారూ,” అంది. నేను ఆలోచించాను. నొప్పి ఉన్నది లేవదు, లేవదనే వచ్చాను. ఏదీ ఎత్తకపోతే మర్యాదగా ఉండదు, పిల్ల చూస్తోంది. కుడిది ఎత్తాను. “బాగానే లేస్తోందండీ,” అని మెచ్చుకుని, కుడి భుజానికే గుర్తులంటించి పడుకోబెట్టింది. మా ఆవిడ ఉంటే అక్కడే అరిచేది, ఆవిడ మందుల కిటికీ దగ్గర నిలబడి ఉంది. మరచెయ్యి కుడివైపుకి ఒంగింది. నేను అనుకున్నాను, ముందు బాగున్నదాన్ని చూసి దాన్నిబట్టి బాగులేనిది సరిచేస్తారు కాబోలు, మేం కూడా సరిగ్గా ఉన్న మూల నుంచే దారం లాగుతాం కదా అని. కానీ అది వెలుతురు వెయ్యలేదు. దానికి వేడి చూసే కన్ను ఒకటి ఉంది, దాంతో నా భుజాన్ని పైనుంచి చూసింది, పక్కనుంచి చూసింది, మామయ్య దీపం పట్టినట్టు పక్కనుంచే ఎక్కువసేపు చూసింది, చూసి, వెనక్కి జరిగి, టింగుమని ఆగిపోయింది. తెర మీద అంతా నీలంగా ఉంది.

“ఇక్కడ వాపు, వేడి ఏమీ కనపడట్లేదంటోందండీ. అసలు నొప్పి ఎక్కడ?” అంది అమ్మాయి లేచొచ్చి.

“ఎడమ,” అన్నాను.

“మరి కుడిచెయ్యి ఎత్తారేం?”

“ఎడమది లేవదమ్మా.”

ఆ పిల్ల స్టూలు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. అప్పటికి వచ్చిన మా ఆవిడ సంగతి విని, “ముందే చెబితే నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోతాయా?” అంది నాతో, “ఇంట్లోనూ ఇంతేనమ్మా, ఇల్లంటుకున్నా ఈయన చెప్పడు, పొగ చూసి మేమే తెలుసుకోవాలి,” అంది అమ్మాయితో. ఆ నవ్వుల్లో నేను మరచేతినే చూస్తున్నాను. చూపించిన గోడకల్లా పూత వేసి పోయే మేస్త్రీలు నాకు బోలెడుమంది తెలుసు. ఇది వెయ్యలేదు. చెప్పిన చోట పని లేదని తెలుసుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, అడిగింది. మా ఇద్దరిలో నోరు తెరిచింది అదే. ఎడమవైపుకి తిప్పగానే తెర మీద ఇటుకబట్టీ వెలిగినట్టు వెలిగింది, అప్పుడు గానీ అది పనిలోకి దిగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి అంతా విన్నాక బావమరిది అడిగింది ఒకటే, “ఇంతకీ అది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా?” నాకు తెలియలేదు. వచ్చిన ప్రతిసారీ కప్పు కడుపుని ఒక కంటితో, దాన్ని ఒక కంటితో చూస్తూ అదే వెతుక్కున్నాను, తాపీ తిప్పిన ఒంపు చూసి ఏ గోడ ఎవరు వేశారో చెప్పగలను, దీని ఒంపు మాత్రం అందదు, నా కుడి మీదికి వచ్చినప్పుడు కుడివాడిలా వచ్చింది, ఎడమ మీదికి వచ్చినప్పుడు నాలాగే వస్తోంది. ఎదుటివాడి వాటమే దాని వాటం. మామయ్య ఒక్కడిలో చూశాను అట్లాంటిది, మళ్లీ ఇక్కడ చూస్తున్నాను.

ఇప్పుడు అసలు చోటికి వచ్చింది, భుజం ముందువైపు, ఎముక కింద గుంట. ఇక్కడ నెమ్మదిస్తుంది ఎప్పుడూ, పసివాడి ముఖం కడిగేటప్పుడు కళ్ల దగ్గర చెయ్యి నెమ్మదించినట్టు. మొదటి రోజుల్లో ఈ చోట లోపల కుక్క పళ్లు పెట్టి కూర్చున్నట్టుండేది, సలుపు వేరు, పోటు వేరు, ఇది రెండూ కాదు, పట్టి వదలనిది. నిన్నో మొన్నో ఒకసారి నిద్రలో ఎడమవైపుకి తిరిగి పడుకున్నానని మా ఆవిడ చెప్పింది, నాకు తెలియదు, లేపితే మెలకువలో గుర్తొచ్చి నొప్పెడుతుందేమోనని లేపకుండా చూస్తూ కూర్చుందట. పొద్దున చొక్కా నేనే తొడుక్కున్నాను. గుండీల దాకా వచ్చాక గాని ఆ సంగతి తట్టలేదు. ఇవన్నీ ఉన్నాయి, కానీ చెయ్యి ఎత్తి చూడలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా ఎత్తి చూడలేదు. ఎత్తితే తెలిసిపోతుంది కదా, తెలియకుండా ఉన్నన్నాళ్లు పరంజా పరంజాగానే ఉంటుంది, కుర్చీ కొట్లోనే ఉంటుంది. బయట బావమరిది దగ్గు వినపడింది, వాడికి దగ్గు లేదు, నేనున్నానని చెప్పడం అది. చుక్క ఆ గుంటలో చిన్నచిన్న సున్నాలు చుడుతోంది, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కిస్తూ, తొందర లేకుండా, సాయంత్రం లోపల తేల్చాలని దానికి ఎవరూ చెప్పలేదు, చెప్పినా అది తన పని తగ్గించి పోయేది కాదు. ఈ గదిలోకి రోజుకి ఎంతమంది భుజాలు, మోకాళ్లు, నడుములు పట్టుకుని వస్తారో, అందరి మీదా ఇదే జానెడు, ఇదే ఓపిక. విసుగు లేని చెయ్యి నా బతుకులో ఎరగను, నాది కూడా మధ్యాహ్నం దాటితే విసుక్కునేది.

ఎరుపు ఆరిపోయింది.

“అయిపోయిందండీ. లేవండి, మెల్లగా,” అని అమ్మాయి కళ్లద్దాలు తీసి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. “వెలుతురు ఆపేశాను. కానీ అది చూస్తూనే ఉంటుంది, మీ చెయ్యి ఎంతవరకు లేస్తుందో అదే చెబుతుంది. భయపడకండి, తగలదు.” తర్వాత నవ్వు ఆపుకుంటూ, “నొప్పి ఉన్న చెయ్యి ఎత్తండి మేస్త్రీగారూ. ఈసారి చూసుకుని ఎత్తండి,” అంది.

కప్పు వంక చూశాను. కడుపు ఇప్పుడు ఎదురు వెలుతురులో అంతగా తెలియడం లేదు. చెయ్యి తొడ మీంచి లేచింది. ఛాతీ దాటింది, గడ్డం దాటింది, చెవి దగ్గరికి వచ్చింది, ఇక్కడే కదా ఎప్పుడూ మేకు కొట్టినట్టు ఆగిపోయేది, నా అంతట నేనే అక్కడ ఆగాను, అలవాటుగా ఆగాను, నొప్పి వస్తుందని చూశాను, రాలేదు, రావాల్సిన చోట ఖాళీగా ఉంది. మళ్లీ ఎత్తాను. చెవి దాటింది. నా పక్కన గాలిలో ఏదో కదిలింది, మరచెయ్యి, నా భుజంతో పాటే అదీ లేస్తోంది, జానెడు ఎడంలో, నేను నెమ్మదిస్తే నెమ్మదిస్తూ, మూలలో తగలకుండా పక్కకి తప్పుకునే మనిషిలా మోచెయ్యి ఒంచి నాకు చోటిస్తూ. నడినెత్తి పైకి వచ్చాక లోపల గట్టిగా పట్టేసింది. ఆగాను. అదీ ఆగింది. కప్పు కింద రెండు చేతులు, నాది ఎడమ వైపు, దానిది కుడి వైపు, మాలు కోసం చూస్తున్నట్టు.

“అమ్మయ్య,” అంది అమ్మాయి, తెర చూసి. “గోడ పని చేసుకోవచ్చు మేస్త్రీగారూ. కప్పు పని మాత్రం ఇప్పుడే వద్దు. నేర్పిన కసరత్తు మానకూడదు, మళ్లీ చూపించుకోవాలి. బిగిసినట్టుంటే ముందే నోరు తెరిచి చెప్పాలి, సరేనా?”

తల ఊపాను. చెయ్యి దించలేదు. దించాలనిపించలేదు.

తలుపు సందులోంచి బావమరిది తల దూర్చాడు. నా చెయ్యి చూశాడు, పక్కన మరచెయ్యి చూశాడు, మళ్లీ నా చెయ్యి చూశాడు. ఈసారి నిజంగానే దగ్గాడు. “ఇదేంటి బావా, నేను బయట కూర్చున్నప్పుడే వేరే జంట కట్టేశావా?” అన్నాడు. వాడు లోపలికొచ్చి, మరచేతికి తగలకుండా చుట్టూ తిరిగి, నా కుడి పక్కన నిలబడ్డాడు, ఇన్నేళ్లూ నిలబడ్డ పక్కనే.

“కాంట్రాక్టరుకి ఫోను చెయ్యాలి. రేపు ఏ వైపు నుంచి ఎక్కుతావని అడుగుతాడు, ఏం చెప్పను?”

“ఎడమ,” అన్నాను.